గట్టు మీద డబ్బా మోత

ఢిల్లీ,
జూన్ 2

అక్కా,

నమస్కారం. నాకంటే ఎనిమిది నెలలు ముందు పుట్టినందుకు నీకు రావలసిన గౌరవం ఈ ఒక్క మాటతో సరిపెట్టుకో.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోను ఉండగా ఈ కాగితాలేమిటి అంటావని తెలుసు. పొద్దున్న ఆఫీసు గేటు దగ్గర ఫోను అరలో పెట్టి తాళం వేస్తే సాయంత్రం దాకా మళ్ళీ చేతికి రాదు. చేతికొచ్చాక దానితో మాట్లాడబుద్ధి కాదు. ఫోన్ల గురించి నాకు తెలిసినవన్నీ తెలిస్తే నువ్వు కూడా పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు కొనుక్కుంటావు.

అసలు సంగతి ఇది. మన తాతగారు గట్టు లస్కరుగా ఏటి కాపలా చూసుకున్న రోజుల్లో, వరదొచ్చినప్పుడు ఏటిగట్టు పొడుగునా మనుషుల్ని కాపలా పెట్టేవారు కదా. ఎక్కడైనా గట్టు కారుతుంటే అక్కడున్న మనిషి కిరసనాయిలు డబ్బా మోగించేవాడు. అంతవరకు నాకు తెలుసు. డబ్బా మోగినప్పుడు దానికి అటూ ఇటూ ఉన్న కాపలావాళ్ళు ఏం చేసేవారు? దానికి తాతగారు ఏదో కచ్చితమైన పద్ధతి పెట్టారని అమ్మమ్మ అనేది. అదేమిటో నాకు తెలియదు. ఆయనతో గట్టెక్కినదానివి నువ్వు. నాకా యోగం లేదు.

కాస్త వివరంగా రాయి. ఎందుకని మాత్రం అడక్కు.

నీ
మాధురి


రాజోలు,
జూన్ 14

చిరంజీవి లెఫ్టినెంట్ కల్నల్ మాధురికి,

ఆశీస్సులు. పేరు ముందు ఏం రాయాలో తెలియక ఉన్నవన్నీ రాసేశాను.

నీ ఉత్తరం నాకంటే ముందు మా అమ్మ చదివింది. చదివి, టీవీ పైన గోడకున్న నీ యూనిఫారం ఫోటోని చీర కొంగుతో తుడిచింది. కన్నకూతురి ఎం.టెక్ పట్టా పుచ్చుకున్న ఫోటో ఎక్కడుందో నీకు తెలుసా? అటక మీద, పాత మిక్సీ పక్కన. ఇంటికి ఎవరొచ్చినా సూర్యకాంతం గారి నోట ముందొచ్చే మాట, "మా చెల్లెలి కూతురండీ, ఢిల్లీలో పెద్ద ఆఫీసరండీ." నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉంటాను. వచ్చినవాళ్ళు గ్లాసు అందుకుంటూ నావైపు చూసి "ఆయ్, మాధురి గారి అక్కగారు మీరేనాండీ?" అంటారు. మా ఆయన కూడా తక్కువేం తినలేదు. కొబ్బరికాయలు ఎత్తడానికొచ్చిన లారీ డ్రైవర్లకి కూడా నీ కథ చెబుతాడు.

ఎందుకని అడగొద్దన్నావు. అడగను. పేపరు చదవడం నాకూ వచ్చు. పదహారేళ్ళుగా అమలాపురంలో పిల్లలకి కంప్యూటర్ నెట్‌వర్కులు చెబుతున్నాను. అవి ఎలా పడిపోతాయో, ఎవరు పడగొడతారో నీకంటే ఎక్కువే చెబుతున్నానేమో కూడా. రోజూ రెండుసార్లు బోడసకుర్రు వంతెన దాటే బస్సులో, కిటికీ పక్కన సీటు దొరికిన రోజున, ఒకటే అనుకుంటాను. సైన్యంలో చేరడానికి మనిద్దరం రాసిన ఆ పరీక్షలో నీకంటే నాకు నాలుగు మార్కులు ఎక్కువ. ఇంటర్వ్యూలో కూడా నేనే ముందు. చివరికి ఆ మిలిటరీ డాక్టరు నన్ను గోడకానించి, కొలబద్ద నెత్తి మీద పెట్టి, అరంగుళం తక్కువన్నాడు. మడమలు కూడా ఎత్తి చూశాను. కాళ్ళు చూసి నవ్వాడు. నువ్వు నా వెనక లైన్లో నిలబడి ఉన్నావు.

అరంగుళం, మధూ. తెలివిలో కాదు, ధైర్యంలో కాదు.

అసూయ పడుతున్నానా అంటే, అవును, పడుతున్నాను. ముసుగులో గుద్దులాట నాకు రాదు.

నువ్వడిగిన గట్టు సంగతి గుర్తు చేసుకుని రాస్తాను. తాతగారి డబ్బా మాత్రం నా దగ్గరే ఉంది, బియ్యం పోసి ఉంచాను.

అనురాధ


ఢిల్లీ,
జూన్ 27

అక్కా,

నువ్వు తిట్టినవన్నీ చదివాను. ఆ బద్ద సంగతి నేను మర్చిపోయాననుకోకు. ఆ రోజు గేటు బయటికొచ్చాక నువ్వు నాకు సమోసా కొనిపెట్టి, నువ్వు తినలేదు.

ఎందుకని అడగొద్దన్నాను గాని, చెప్పకుండా అడగడం తప్పే. కంప్యూటర్ల మీదుగా శత్రువు దేశం మీద పడితే సైన్యం ఎలా నిలబడాలి అన్నదాని మీద ఒక వ్యూహం రాస్తున్నాం. అందులో ఒక అధ్యాయం నా చేతిలో ఉంది. ఒకచోట దాడి జరిగినప్పుడు, ఉదాహరణకి కరెంటు సరఫరా మీద, దేశంలో ఉన్న నిపుణులందరూ ఆ క్షణమే అటు మళ్ళాలని మా బ్రిగేడియర్ గారి వాదన. అందరికీ అదే సబబుగా తోచింది. నాకు మాత్రం అది తప్పని లోపల పీకుతోంది. ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాను. తాతగారి గట్టు గుర్తొచ్చింది. మీటింగులో నోరు జారి "మా ఇంట్లో అడిగి చెబుతాను సార్" అన్నాను. పన్నెండు మంది నవ్వారు.

ఆగస్టులో మాలో మేమే రెండు జట్లుగా విడిపోయి, రెండు విడతలు ఉత్తుత్తి యుద్ధం ఆడి చూస్తాం. నెలాఖరున రెండో విడత అయ్యాక ఆ అధ్యాయం ఖాయమైపోతుంది. ఆ తర్వాత దాన్ని మార్చడం బ్రహ్మతరం కాదు. నిజంగా దాడి జరిగిన రోజున ఆస్పత్రులు, రైళ్ళు, బ్యాంకులు అన్నీ ఆ పేజీల్లో రాసినట్టే నడవాలి.

అందుకే అడుగుతున్నాను. నువ్వేం చెబితే అదే. ఇంత రాయడం కూడా ఎక్కువే, చదివి పొయ్యిలో పెట్టు.

మాధురి


రాజోలు,
జూలై 8

మధూ,

పొయ్యిలో పెట్టాను. మూడుసార్లు చదివాకే పెట్టాననుకో.

బ్రిగేడియర్లూ పన్నెండు మంది ఆఫీసర్లూ కలిసి తేల్చుకోలేని విషయం రాజోలులో కొబ్బరికాయల వర్తకుడి పెళ్ళాం తేల్చాలన్నమాట. బాగుంది. నేను చెబుతాను, నువ్వు రాస్తావు, ఇంకో ఫోటో వస్తుంది, మా అమ్మ గోడకి ఇంకో మేకు కొడుతుంది.

సరే, రాసుకో. డబ్బా మోగిందంటే గట్టు పొడుగునా ఉన్న కాపలావాళ్ళందరూ పారలూ బస్తాలూ పట్టుకుని ఆ మోత వినిపించిన వైపే పరిగెత్తేవారు. అదే పద్ధతి. మీ బ్రిగేడియర్ గారు చెప్పిందే సరైనది. నువ్వు గట్టెక్కలేదు కాబట్టి నీకు అనుమానం వచ్చింది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ ఎండలు తగ్గాయి. నారుమళ్ళు పోశారు. అమ్మ నిన్ను వేళకి తినమంటోంది.

అనురాధ


ఢిల్లీ,
జూలై 22

అక్కా,

బతికించావు. ఉత్తరం అందిన మర్నాడే మీటింగులో లేచి నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను. "మా ఇంట్లో కూడా మీ మాటే సరైనదన్నారు సార్" అన్నాను. బ్రిగేడియర్ గారు టేబుల్ మీద చెయ్యి చరిచి, "మీ ఇంట్లో ఎవరో గాని తెలివైనవాళ్ళు" అన్నారు. అది నీకే చెందుతుంది, తీసుకో.

నిజం చెప్పనా, లోపల పీకడం మాత్రం ఆగలేదు. కానీ నువ్వు కళ్ళారా చూసినదానివి. నా అనుమానం కంటే నీ చూపు గట్టిది.

ఇంకొక మాట. మనం చదువుకున్న కాలేజీ వాళ్ళు అక్టోబరులో నాకు సన్మానం చేస్తారట. నువ్వు అక్కడే పాఠాలు చెబుతున్నావు కదా, నా గురించి నాలుగు మాటలు నీ చేతే చెప్పిస్తామన్నారు. నువ్వైతేనే వస్తానన్నాను. కాదనకు.

మాధురి


రాజోలు,
ఆగస్టు 3

మధూ,

నాలుగు మాటలు కాదు, సన్మానపత్రం మొత్తం నన్నే రాయమన్నారు. ప్రిన్సిపాల్ గారు పిలిచి, "తెలుగు బాగా రాస్తారటగా, మీ చెల్లెలు గారే చెప్పేరండీ" అన్నారు. ఫ్రేము కట్టిస్తారట. అంచుకి కలువపూలు కూడా వేయిస్తారట.

రాస్తూనే ఉన్నాను. "కోనసీమ ముద్దుబిడ్డా" అని మొదలుపెట్టి కొట్టేశాను. "ఆరడుగుల ధీరవనితా" అని రాసి దాన్ని కూడా కొట్టేశాను. నువ్వు ఆరడుగులు లేవు, నాకంటే మూడంగుళాలే. పదో తరగతిలో నీ లెక్కలు నేను చేసిపెట్టాను. సైకిలు నేను నేర్పాను. ఈత నేను నేర్పాను. ఇప్పుడు నీ పొగడ్తలు కూడా నేనే రాసిపెట్టాలి. చివర సంతకం మాత్రం ప్రిన్సిపాల్ గారిది.

కడుపు మండిపోతోంది. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? వినేవాళ్ళు ఇంకెవరూ లేరు. అది కూడా నీ మీద కోపానికి ఒక కారణం.

నీకు ఒక సంగతి చెప్పాలి. వద్దులే, తర్వాత చూద్దాం.

అనురాధ


రాజోలు,
ఆగస్టు 19

మధూ,

ముందు ఇది చదువు. గట్టు గురించి నీకు రాసింది అబద్ధం. మర్చిపోయి రాసింది కాదు, తెలిసి రాసిన అబద్ధం. ఆ అధ్యాయం ఖాయం చేయనివ్వకు.

నిన్నటి నుంచి నాలుగుసార్లు ఫోను చేశాను. నువ్వు ఎత్తలేదు. ఎత్తనందుకు లోలోపల ఊపిరి పీల్చుకున్నాను కూడా, నోటితో చెప్పే ధైర్యం లేక. "నా ఉత్తరం అందేదాకా ఏమీ తేల్చకు" అని మెసేజీ పెట్టాను. అది కూడా చూసినట్టు లేదు. అందుకే ఇది స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను.

ఏం జరిగిందో చెబుతాను. శనివారం ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మన వశిష్ఠ గట్టు ఒరుసుకుంటూ ఎర్రనీళ్ళు పోతున్నాయి. ఆదివారం పొద్దున్నే ఊళ్ళో మగాళ్ళందరూ గట్టు మీద కాపలాకి నిలబడ్డారు. ఇప్పుడు డబ్బాలెక్కడివి, అందరి చేతుల్లో ఫోన్లే. పదకొండింటికి ఊరి గ్రూపులో వీడియో వచ్చింది, కింది రేవు దగ్గర గట్టు జారిపోతోందని. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడుతోంది, వెనక ఎవరో ఏడుస్తున్నారు. అంతే, కాపలాలో ఉన్నవాళ్ళందరూ బళ్ళెక్కి అటే పోయారు. మా ఆయన బండి మీద నేను కూడా.

వెళ్ళి చూస్తే రేవు దగ్గర గట్టు నిక్షేపంగా ఉంది. మేకలు మేస్తున్నాయి. ఆ వీడియో ఎన్నేళ్ళ కిందటిదో, ఏ నదిదో. గంగబాబు గారి అల్లుడికి ఎవరో పంపితే, ఆయన ఆలోచించకుండా గ్రూపులో పెట్టేశారు.

తిట్టుకుంటూ నిలబడి ఉండగా మన వీధి వైపు నుంచి మోత వినిపించింది. స్టీలు బేసిను మీద గరిటెతో కొడితే వచ్చే మోత. నాకు తొమ్మిదేళ్ళప్పుడు విన్న వరస, మూడు దెబ్బలు, ఆగి మళ్ళీ మూడు దెబ్బలు. వెనక్కి పరిగెత్తాం. మా ఇంటి వెనకే, గట్టు అడుగున, మోకాలెత్తున ఊట పైకి చిమ్ముతోంది. బురదనీళ్ళు. గట్టు లోపలి మట్టిని మోసుకొస్తోందన్నమాట. ఇంకో అరగంట గడిస్తే గండి పడేది. మా అమ్మ ఆ ఇంట్లో పప్పు తాలింపు పెడుతోంది.

బేసిను కొడుతున్నది వీరాయమ్మ గారు. ఎనభై ఏళ్ళుంటాయి. వాళ్ళాయన తాతగారితో కాపలా కాసిన మనిషి. అందరూ రేవు వైపు పోయినా ఆవిడ ఒక్కర్తీ గట్టు మీద వేసుకున్న ప్లాస్టిక్ కుర్చీలోంచి కదల్లేదు. ఊట చుట్టూ ఇసక బస్తాలు వేసి నీళ్ళు తేటపడ్డాక అడిగాను, మీరెందుకు రాలేదు మామ్మగారూ అని.

"ఎందుకొత్తానమ్మా? మీ తాతగారు చెప్పేరు గదా. పక్కోడి డబ్బా మోగితే నీ కాళ్ళకింద గట్టు ఇంకాత్త గట్టిగా చూసుకోవాలని. సాయానికి ఊళ్ళోంచి వత్తారు, గట్టు మీదోళ్ళు కదలకూడదని. ఒకచోట కారిందంటే ఏరు ఇంకోచోట కూడా ఎతుకుతా ఉంటాదని చెప్పేరమ్మా. నువ్వూ ఇన్నావు గదా, ఆయన పక్కన డబ్బా పట్టుకుని నువ్వే ఉన్నావు!"

ఇదీ పద్ధతి. డబ్బా మోగించినవాడు ఒక్కడే అక్కడ మొదలుపెడతాడు. పక్కవాడు కదలడు. సాయం వెనక నుంచి వస్తుంది. నీ లోపల పీకినదే నిజం.

నీకెందుకు చెప్పలేదో కూడా చెబుతాను. నా జీవితంలో నీ దగ్గర లేనిది, నా దగ్గర మాత్రమే ఉన్నది అదొక్కటే. నువ్వు అది కూడా అడిగావు. ఇవ్వబుద్ధి కాలేదు. అబద్ధం రాసి కవరు అంటించినప్పుడు నాకు హాయిగా కూడా అనిపించింది. ఢిల్లీలో ఎవరో పెద్దవాళ్ళు ఉన్నారు, వాళ్ళే సరిచూసుకుంటారులే అనుకున్నాను. వాళ్ళు నా మాట పట్టుకుని నిలబడతారనుకోలేదు. "నీ చూపు గట్టిది" అని నువ్వు రాసిన రోజున చెప్పేయవలసింది. సన్మానపత్రం చూసి మళ్ళీ నోరు మూసుకున్నాను.

క్షమించమని అడగను. ముందు ఆ కాగితం మార్చు.

అనురాధ


ఢిల్లీ,
సెప్టెంబరు 2

అక్కా,

నీ ఉత్తరం నాకు ఇరవై నాలుగున అందింది. మొదటి విడత ఆట ఇరవైన అయిపోయింది. ఆ వారమంతా ఫోను మా దగ్గర లేదు.

మొదటి విడతలో ఏమైందో చెబుతాను. ఎదుటి జట్టు ఉత్తుత్తిగా కరెంటు మీద పడింది. మేం రాసుకున్నట్టే అందరం అటు పరిగెత్తాం. అది మీ రేవు దగ్గర మేకల్లాంటిదే, అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఇరవై నిమిషాల్లో ఎవరూ చూడని వైపు నుంచి వచ్చి రైళ్ళు పడగొట్టారు, ఆస్పత్రులు పడగొట్టారు. ఆట కాబట్టి సరిపోయింది. బోర్డు మీద ఎర్ర దీపాలు చూస్తూ పన్నెండు మంది ముందు నేను నిలబడి ఉన్నాను. అభ్యంతరం వెనక్కి తీసుకున్నది నేను కదా. బ్రిగేడియర్ గారు మెల్లగానే అడిగారు, ఇప్పుడు మీ ఇంట్లో ఏమంటారని.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీమీద కోపంతో అన్నం సయించలేదు. చింపేద్దామనుకున్నాను. ఎవరో శత్రువు నన్ను మోసం చేస్తే కాసుకునేదాన్ని. అలాంటివాళ్ళని కనిపెట్టడమే నా పని. నీ దగ్గర కాపలా పెట్టుకోవాలని నాకెప్పుడూ తోచలేదు.

రెండో విడతకి వీరాయమ్మ గారి మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించాను. గదిలో ఎవరూ నవ్వలేదు. ఈసారి ఒకచోట డబ్బా మోగితే మిగతావాళ్ళెవరూ కదల్లేదు. సాయానికి వేరే జట్టుని వెనక ఉంచాం. ఎదుటివాళ్ళు నాలుగు వైపుల నుంచి వెతికారు, దారి దొరకలేదు. అధ్యాయం అలాగే ఖాయమైంది. దానికి ఒక నంబరుంది. రాసినవాళ్ళ పేర్లు అందులో ఎక్కడా ఉండవు, నాది కూడా లేదు. మనిద్దరం దేనికోసం కొట్టుకున్నామో నువ్వే చెప్పు.

ఆ మాటలు చెప్పినదెవరని బ్రిగేడియర్ గారు అడిగారు. మా ఊళ్ళో ఒక పెద్దావిడ అన్నాను. మరి ముందు అబద్ధం చెప్పినదెవరని కూడా అడిగారు. మా అక్క అన్నాను. "నాకూ ఒక అన్నయ్య ఉన్నాడు" అన్నారు ఆయన.

ఇప్పుడు నా సంగతి విను. నీకు తొమ్మిదేళ్ళప్పుడు తాతగారు నిన్ను గట్టు మీదకి తీసుకెళ్తుంటే, అరుగు మీద నిలబడి నేను ఏడ్చాను గుర్తుందా? "దానికి నీళ్ళంటే భయం, ఇంట్లోనే ఉంచండి" అన్నారు పెద్దవాళ్ళు. ఇప్పటికీ మన ఇళ్ళలో ఆ మాటే చెప్పి నవ్వుతారు. నాకు నీళ్ళంటే భయం లేదక్కా. ఆయన డబ్బా నీకిచ్చారని ఏడ్చాను. ఈ యూనిఫారం వేసుకున్నాక కూడా ఒక్కోసారి అదే గుర్తొస్తుంది. నన్ను గట్టెక్కించినవాళ్ళు లేరు, నేనే ఎక్కాలి అనుకుని ఇంత దూరం వచ్చాను. ముప్పై ఏళ్ళుగా నేను నీమీద కుళ్ళుకుంటున్నాను. నువ్వు చెప్పేశావు కాబట్టి నీది బయటపడింది.

సన్మానం వద్దని కాలేజీకి రాసేశాను. అక్టోబరులో మాత్రం వస్తాను. ఏరు తగ్గినా సరే, ఒక్కసారి నన్ను ఆ గట్టు మీదకి తీసుకెళ్తావా?

మాధురి


రాజోలు,
సెప్టెంబరు 11

మధూ,

ఉత్తరం అందింది. నువ్వు కుళ్ళుకున్న సంగతి చదివి, ఎన్నాళ్ళకో నాకు నిండుగా నిద్ర పట్టింది. ఇలా రాయకూడదేమో గాని నిజం.

కోపం ఉంచుకో. అది తీరేదాకా నేను అడగను. సన్మానపత్రం మాత్రం చింపలేదు. రెండో పేరా నిజంగానే బాగా కుదిరింది. నువ్వొచ్చాక చదివి వినిపిస్తాను, సంతకం ఈసారి నాదే.

అటక మీద నుంచి నా ఫోటో అమ్మే దించింది. నేను అడగలేదు. వీరాయమ్మ గారు వచ్చి ఏం చెప్పారో మరి, నీ ఫోటో పక్కనే పెట్టింది. నీది పెద్ద ఫ్రేము, నాది చిన్నది. కొలిచి చూశాను, అరంగుళం కాదు, రెండంగుళాలు తేడా. నవ్వొచ్చింది.

అక్టోబరులో రా. గట్టెక్కిస్తాను. వీరాయమ్మ గారి కుర్చీ దగ్గర నుంచి రేవు దాకా నడుద్దాం. తాతగారు ఎక్కడ నిలబడేవారో చూపిస్తాను. నువ్వు ఆయన చోట నిలబడు, ఆయన టోపీ కూడా పెట్టుకో, ఇంట్లోనే ఉంది. డబ్బాలో బియ్యం తీసేసి, తుడిచి, ఎండలో పెట్టాను.

డబ్బా మాత్రం నేనే పట్టుకుంటాను.

అక్క